విశ్రాంతికుటీరనిర్మాణము
(మన సంఘ వార్షికమహాసభయందు చేసిన ఉపన్యాసము)



గృహనిర్మాణమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని ఆహ్వానసంఘమువారు మమ్ము గోరిరి. మాకు ముందు మాటలాడిన పెద్దలు విద్యార్థి వసతిగృహమును గూర్చియు, విద్యార్థివేతనముల నిధిని గూర్చియు, చేతిపనివారి ఋణసౌకర్యములను గూర్చియు విపులముగ జెప్పియున్నారు. వానితో బోల్చినచో మేము చెప్పబోవు విషయము విలాసముగ గన్పట్టవచ్చును. వృత్తిలో నలిగి యలసిపోయినవాడు కొన్నాళ్లు ఏకాంతముగ నుండి కోలుకొనుటకు దగిన కుటీరమును ఎట్లు కట్టవలెనన్నదియే మా విషయము. ఇది కలవారి ముచ్చటయని తలంపకుందురుగాక! కొడుకో, కూతురో, అల్లుడో రాత్రి నిద్ర పట్టక, పగలు పనిపై మనసు నిలువక కృశించుచుండగా జూచి, ఏమి చేయుటకును తోచక యున్న తల్లిదండ్రులు ఈ సభలో బలువురు గలరని మే మెరుగుదుము. వారిని దలచియే ఈ ప్రసంగమునకు బూనుకొంటిమి.

మనది చేతిపనుల కులము. కమ్మరము, వడ్రంగము, కంచరము, శిల్పము, స్వర్ణకారము అను నైదు వృత్తులతో మన పూర్వులు బ్రదికిరి. వారి పని సుకుమారమైనది కాదు. మా తాతగారు తెల్లవారకమునుపే పనిలో దిగి చీకటి పడువరకు రంపము లాగినవారు. అయినను సాయంకాలము ఉలిని గోడగూటిలో బెట్టి, రంపమును మేకునకు దగిలించి, కాళ్లు గడుగుకొని అరుగుమీద గూర్చుండగనే ఆనాటికి వారి పని ముగిసెడిది. ఆయుధపూజనాడు పనిముట్లకు పసుపుకుంకుమలు పెట్టి, ఆ దినమెల్ల వానిని ముట్టెడివారు కారు. పనివానికిని పనిముట్టునకును విశ్రాంతి వలయునని ఏ పుస్తకమును చదువకయే వారెరిగియుండిరి.

నేడు మన బిడ్డలు వైద్యులైరి, ఇంజనీర్లైరి, ఆడిటర్లైరి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులైరి. మిక్కిలి సంతోషము. కాని వారి పనిముట్టు పగలు జేబులో నుండును, రాత్రి తలగడక్రింద నుండును, పండుగనాడును మ్రోగుచుండును. దానిని బెట్టుటకు గూడు లేదు. మేము ఈనాడు చెప్పదలచినదానికంతకును ఈ గూడు లేకపోవుటయే మూలము.

ఈ స్థితికి పాశ్చాత్యులు ‘బర్న్ అవుట్’ అని పేరు పెట్టిరి. చమురైపోయిన ప్రమిదలో వత్తి తానే కాలిపోవుట దానికి సరియైన పోలిక. హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అను మనస్తత్వశాస్త్రజ్ఞుడు న్యూయార్కు నగరమున ఉచితవైద్యశాలలో సేవచేయువారు క్రమముగ వడలిపోవుట గమనించి 1974లో దీనిని గూర్చి వ్రాసెను. 2019లో ప్రపంచ ఆరోగ్యసంస్థవారు తమ రోగవర్గీకరణము పదునొకండవ కూర్పునందు దీని స్వరూపమును నిరూపించిరి. వారు దీనిని రోగమనలేదు. వృత్తివలన గలుగు నొక స్థితి యనిరి. పనిచోటనుండు ఒత్తిడి చిరకాలము చక్కదిద్దబడకుండుట దీనికి గారణము. శక్తి హరించిపోవుట, పనియెడల విముఖత గలుగుట, తన సామర్థ్యము తగ్గినదని తోచుట యను మూడును దీని లక్షణములు. ఒక్క ఆదివారపు నిద్రతో దీరిపోవు అలసట యిది కాదు.

ఇక మా యనుభవమును మనవి చేసెదము. మేము వాస్తుశిల్పవిద్య నభ్యసించి, చిరకాలముగ నా వృత్తిలోనే యున్నవారము. మా పినతండ్రిగారి కుమారుడు నగరమున వైద్యుడు. వాని చదువునకై మా పినతండ్రిగారు పనికొట్టును తాకట్టు పెట్టిరి. ఆ చదువునకు మన సంఘ మొసగిన విద్యార్థివేతనమును గలదు. కొన్నేండ్ల క్రిందట నతడు మాయొద్దకు వచ్చి, “అన్నయ్యా, అలసిపోయితిని. వారమునకు రెండు దినములు ఊరక కూర్చుండుట కొక యిల్లు కట్టిపెట్టు” మని యడిగెను. మేము సంతోషముతో నంగీకరించితిమి.

నగరమునకు రెండు గంటల దూరమున వాని పొలములో ఇల్లు లేచినది. పెద్ద హాలు, నాలుగు పడకగదులు, నిలువెత్తు గాజు తలుపులు, ఈతకొలను, గోడంత టెలివిజను. ఏ లోపమును లేదు. గృహప్రవేశమునకు వచ్చినవారెల్ల మమ్ము బొగడిరి. కాని నాలుగు పడకగదులున్న యింటికి చుట్టములు రాకుందురా? అతడు శనివారము చేరునప్పటికి పదిమంది యతిథులు సిద్ధముగ నుండెడివారు. పడమటి గాజుతలుపులనుండి మధ్యాహ్నపుటెండ లోనికి జొరబడి యిల్లంతయు కాగిపోవుచుండెను. కొలను నీరు మార్చుట, మోటారు బాగుచేయించుట, తోటమాలి జీతము చూచుకొనుట యను పనులు వానికి రెండవ యుద్యోగమయ్యెను. ఇక ఫోను నగరమున మ్రోగినట్లే యక్కడను మ్రోగుచుండెను. “నేను విశ్రాంతికి ఇల్లడిగితిని, అన్నయ్యా! నీవు కల్యాణమండపము గట్టితివి” అని యొకనా డతడు నవ్వుచు ననెను. ఆ మాట మాకు శూలమువలె దగిలినది. ఆ యింటికి బోవుటయే యతడు మానుకొనెను.

తరువాత కొలది మాసములకు అతడొక రోగికి మందు మోతాదు వ్రాయుచు, ఒక సున్న ఎక్కువగ వ్రాసెను. నర్సు దానిని జూచి, సందేహించి, తిరిగి యడిగినందువలన ప్రమాదము తప్పినది. ఆమె యడుగకున్నచో ఏమి జరిగియుండునో తలచుకొని యతడు మూడు రాత్రులు నిద్రపోలేదు. నాలుగవనాడు మా యింటికి వచ్చి, వైద్యవృత్తినే విడిచిపెట్టెదనని చెప్పెను.

సోదరులారా! ఒక బిడ్డను చదివించుటకు తండ్రి తాకట్టుపడినాడు, సంఘము ధనమిచ్చినది. ఆ చదివినవాడు నలుబదియేండ్లకే కూలిపోవుచుండగా జూచుచు గూర్చుండుట తగునా? ఎక్కించిన బరువును దింపు తావును జూపుటయు మన బాధ్యత కాదా? ఆనాడు మేము మా తప్పెక్కడ నున్నదో వెదకుట కారంభించితిమి. నేర్చుకొన్న సంగతులను క్లుప్తముగ జెప్పెదము.

అమెరికాలో రోజర్ అల్రిచ్ అను పరిశోధకుడు 1984లో ఒక చిన్న యధ్యయనమును ప్రకటించెను. పెన్సిల్వేనియా రాష్ట్రపు టాసుపత్రి యొకదానిలో పిత్తాశయమునకు శస్త్రచికిత్స జరిగిన 46 మంది రోగుల లెక్కలను ఇరువదిమూడు జతలుగ గూర్చి చూచెను. ప్రతి జతలో నొకరి కిటికీనుండి చెట్లు కన్పించును. రెండవవారి కిటికీనుండి ఇటుకగోడ కన్పించును. చెట్లను జూచినవారు కొంచెము ముందుగ నిల్లు చేరిరి; తీవ్రమైన నొప్పిమందులును వారికి తక్కువగ గావలసివచ్చెను. అధ్యయనము చిన్నదే యైనను, కిటికీ యెదుట నేమున్నదన్నది అలంకారవిషయము కాదని మా కప్పుడు తెలిసినది.

మిచిగన్ విశ్వవిద్యాలయమునందు రేచెల్ కాప్లాన్, స్టీఫెన్ కాప్లాన్ అను దంపతులు 1989లో ప్రకటించిన గ్రంథమున, అలసిన మనసును తేర్చు స్థలమునకు నాలుగు గుణములు చెప్పిరి. నిత్యపు చిక్కులనుండి ఎడబాటు కలుగవలెను. చూపునకును తలపునకును విస్తారముండవలెను. ప్రయత్నము లేకయే మనసును లాగుకొను వస్తువులు, అనగా ఆకుల కదలిక, నీటి పారుదల, మబ్బుల నడక వంటివి యుండవలెను. ఆ చోటు ఉండువాని స్వభావమునకు అనుకూలముగ నుండవలెను. మేము కట్టిన తొలియింటిని ఈ నాలుగింటితో సరిచూడగా ఒక్కదానియందును అది నిలువలేదు.

ఫిన్లండు దేశమున పైమియో అనుచోట ఆల్వార్ ఆల్టో అను శిల్పి కట్టిన క్షయరోగశాల 1933లో తెరువబడినది. సామాన్యముగ గది నిలుచున్నవానికై కట్టబడుననియు, రోగి పరుండియుండువాడు గనుక వాని గదిని పరుండినవానికై కట్టవలెననియు అతని యాలోచన. కన్నులకు దిన మెల్ల పైకప్పే కన్పించును గావున దానికి శాంతమైన ముదురాకుపచ్చరంగు వేయించెను. దీపము కంటిలో బడకుండ నమర్చెను. నీటిధార తొట్టిని ఏటవాలుగ దాకి చప్పుడు కాకుండునట్లు చేతులు గడుగు తొట్టిని గూడ ప్రత్యేకముగ జేయించెను. ఇంత సూక్ష్మమైన దయ మన పనిలో నుండవలెనని మే మప్పుడు గ్రహించితిమి.

మరియొకటి. కార్ల్ యూంగ్ అను ప్రసిద్ధ మనోవైద్యుడు స్విట్జర్లండులో బొల్లింగెన్ అను పల్లెకడ సరస్సు తీరమున 1923లో తనకై యొక రాతి గోపురము గట్టుకొన నారంభించెను. అందు విద్యుచ్ఛక్తి లేదు. తానే కట్టెలు గొట్టుకొనుచు, నీరు తోడుకొనుచు, వంట చేసికొనుచు నుండెడివాడు. మన శిల్పిసోదరులకు ముచ్చటగొలుపు సంగతి యొకటి గలదు. 1950లో గోడకై తెప్పించిన రాళ్లలో నొకటి కొలత తప్పి చదరపు దిమ్మెగ వచ్చినది. మేస్త్రి కోపించి దానిని త్రిప్పి పంపబోగా, యూంగ్ అదియే తనరాయియని నిలుపుకొని, ఉలి చేతబట్టి దానిపై తానే యక్షరములు చెక్కెను. అతనికి విశ్రాంతి యన్నది ఊరక కూర్చుండుట మాత్రమే గాదు. ఎవ్వరును తొందరపెట్టని పనిని చేతులతో జేయుటయు నైయుండెను.

ఇవియన్నియు జదివిన పిమ్మట మేము కోనసీమలోని మా తాతగారి పెంకుటింటికి బోతిమి. ముందుభాగమున మా అన్నగారును వదినగారును కాపురముందురు. పెరటిలో తాతగారి పనిపాక శిథిలమై యున్నది. దాని ప్రక్క మామిడిచెట్టును, గిలకబావియును, కొబ్బరితోటకు ఆవల పంటకాలువయు గలవు. క్రొత్త స్థల మెందులకు? ఈ పాకనే కుటీరముగ మార్చితిమి. తొలియింటికైన వ్యయములో పదవవంతు గూడ గాలేదు.

గది 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు. ఒక్క మంచము, ఒక్క కుర్చీ, ఒక్క బల్ల మాత్రమే పట్టును. రెండవ మంచమునకు చోటు లేకుండుట మా బుద్ధిపూర్వకమైన యేర్పాటు. తూర్పున ఆరడుగుల వసారా. పడమటి గోడకు కిటికీ లేదు. చూరు క్రింద వేడిగాలి పోవుటకు రంధ్రములు మాత్రము గలవు. దక్షిణపు కిటికీ దిగువ గట్టును నేలనుండి 18 అంగుళముల యెత్తుననే నిలిపితిమి. మంచముపై పరుండినవానికి తల యెత్తకయే మామిడికొమ్మలును కాలువగట్టును కన్పించును. గోడలకు సున్నము, నేలకు నాపరాళ్లు, పైని పాత పెంకులే. పెంకుల క్రింద చెక్కపలకలు పరచి ముదురాకుపచ్చరంగు వేయించితిమి. దీపము తలగడ వెనుక క్రిందుగ నున్నది. దాని వెలుగు పసుపుపచ్చనిది, చదువుకొనుటకు మాత్రము చాలును. మరుగుదొడ్డిని గదినానుకొనియే కట్టితిమి. అర్ధరాత్రి పెరడు దాటి పోవలసివచ్చినచో విశ్రాంతి యెక్కడిది? వసారాలో మా తాతగారి పనిబల్లను నిలిపి, వారి చిత్రికను, బాడిసను, రెండు ఉలులను సాన పట్టించి యుంచితిమి.

అన్నిటికంటె ముఖ్యమైనది కుటీరములో లేదు. ముందరియింటి వీథిగదిలో నున్నది. అది గోడలోని యొక గూడు. మన కులపు వడ్రంగి పాత టేకుచెక్కతో దానికి తలుపు చేసినాడు. వచ్చినవాడు ఫోనును ఆ గూటిలో బెట్టి పెరటికి బోవలెను. వాని రోగులను ఆ దినములందు తోటివైద్యుడొకడు చూచును. ఇంటివారికి నిజముగ నవసరమైనచో మా వదినగారికి కబురు చేయుదురు. ఆమె పెరటి గుమ్మమునకు గట్టిన కంచుగంట మ్రోగించును. ఈ గంట యున్నదను ధైర్యము లేనిచో ఫోనును విడిచిపెట్టినవానికి మనసు నిలువదు. అత్యవసరమునకు దారి యుంచుటయు, తక్కిన దారులన్నిటిని మూయుటయు, రెండును నిర్మాణములోని భాగములే.

అతడు తొలిసారి పదిదినము లుండెను. మొదటి రెండు దినములు నిద్రించెను. మూడవనాడు వాని చేయి మాటిమాటికి జేబువైపు బోవుచుండెను. వీథిగదివరకు నాలుగుమార్లు వచ్చి వెనుదిరిగెనని మా వదినగారు చెప్పిరి. ఐదవనాడు చిత్రిక చేతబట్టెను. తొమ్మిదవనాడు ఒక పీట చేసి తెచ్చి ఆమెకిచ్చెను. దాని కాలొకటి పొట్టిది. అయినను ఆమె నేటికిని దానిమీదనే కూర్చుండి కూరలు తరుగును.

కుటీరమే వానిని స్వస్థుని జేసినదని చెప్పినచో అసత్యమగును. ఈ సందర్భమున మదనపల్లెకడ 1915లో నెలకొన్న ఆరోగ్యవరపు క్షయరోగశాల స్మరింపదగినది. సరియైన మందులు లేని ఆ దినములలో గాలి, వెలుతురు, ఆహారము, విశ్రాంతి యనునవే చికిత్స. తరువాత మందులు వచ్చినవి. 1956లో మదరాసున ఆరంభమై 1959లో ప్రకటితమైన పరిశోధనలో, మందు లందినచో ఇరుకిండ్లలో నున్నవారును సానటోరియములో నున్నవారికి దాదాపు సమానముగ గోలుకొనిరని తేలినది. విశ్రాంతి మేలు చేయును. కాని వ్యాధికి మూలమును గొట్టునది వేరు. ఇక్కడను అంతియే. పనిచోటి ఒత్తిడియే కారణమని ప్రపంచ ఆరోగ్యసంస్థవారే చెప్పియుండ, అదే పనికి అదేవిధముగ మరలి పోవువానికి కుటీర మేమి చేయగలదు? మా తమ్ముడు కుటీరమున గూర్చుండి ఆలోచించి, రాత్రివిధులు సగము తగ్గించుకొనెను. భాగస్వామి నొకని జేర్చుకొనెను. మనోవైద్యుని సలహాయు దీసికొనెను. కుటీరము వాని కిచ్చినది ఆ నిర్ణయములు చేసికొనుటకు వలసిన తెరిపి మాత్రమే. అతడు వృత్తిని విడువలేదు. పొలములోని పెద్దయింటి నమ్మివేసి, నెలకు మూడు దినములు పెరటికుటీరమునకు వచ్చుచున్నాడు.

ఇచట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. అలసట వేరు, జీవితముపై విరక్తి వేరు. చావు మాట లెత్తువానిని ఏకాంతమునకు బంపుట మహాపరాధము. వానికి మనుష్యుల తోడు కావలెను, వైద్యము కావలెను. ప్రభుత్వమువారు 2022 అక్టోబరులో ఆరంభించిన టెలి మానస్ సహాయసేవ 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో లభించును. ఈ సంఖ్యను ప్రతి యింటను వ్రాసి యుంచుకొనుడు.

సోదరీమణుల విషయము వేరుగ జెప్పవలెను. ఉద్యోగముచేయు స్త్రీకి ఇంటికి వచ్చుట విశ్రాంతి కాదు. అది రెండవ కచ్చేరి. ఆమెకు కుటీరము గట్టి, అందొక వంటిల్లు గట్టినచో మూడవ కచ్చేరిని గట్టినట్లే. మా చెల్లెలు బ్యాంకులో నుద్యోగిని. ఆ కుటీరమున నాలుగు దినము లుండి వచ్చి, “కాఫీ కలిపి యొకరు నా చేతి కిచ్చుట పెండ్లియైన తరువాత ఇదే మొదలు” అని చెప్పినది. అది విని మేము సిగ్గుపడితిమి. స్త్రీకి విశ్రాంతిస్థలము నిర్మించువారు మొదట నిర్మింపవలసినది, ఆమె లేని దినములలో వంటయు పిల్లల పోషణయు ఎవరు చూతురన్న యేర్పాటు.

తుదకు సంఘమువారికి మూడు విన్నపములు. మన పల్లెలలో తాళములు వేసిన పెంకుటిండ్లెన్నియో గలవు. వానిని గూల్చి అమ్మకమునుపు, పెరటిలో నొక్క గది నిలుపుకొనుడని యిల్లుగలవారిని బ్రార్థించుచున్నాము. ఇది మొదటిది. సొంతయిల్లు లేనివారికొరకు, సంఘపు స్థలములలో నెక్కడనైన చెట్టునీడ గలచోట రెండు గదులను ఇట్లు గట్టి, మన చదువుకొన్న యువకులకును యువతులకును వంతులవారీగ నిచ్చుట రెండవది. ఆ పనిని మన మేస్త్రులకును వడ్రంగులకును అప్పగించినచో, ఒక సోదరునికి కూలియు మరియొక సోదరునికి విశ్రాంతియు గలుగును. పటములను మేము ప్రతిఫలము గోరక వ్రాసియిత్తుము. మూడవదానికి ధనమక్కరలేదు. ప్రతి యింటను వీథిగదిలో గోడకొక గూడు గట్టి, సాయంకాలము పని ముగించినవారందరును తమ ఫోనులను అందు బెట్టుడు. మన తాతలు ఉలిని పెట్టినట్లు పెట్టుడు.

మేము గొప్ప భవనములును గట్టితిమి. వానిలో మాకు గర్వకారణమైనది ఒక్కటియు లేదు. కుంటిపీటమీద గూర్చుండి మా వదినగారు కూరలు తరుగుచుండగా, పెరటినుండి చిత్రికపట్టు చప్పుడు వినవచ్చుచుండును. ఆ చప్పుడు విన్నప్పుడు మాత్రము, మా తాతగారి విద్యను మేము కొంత నేర్చుకొంటిమేమో యని తోచును.

మన బిడ్డలు వృద్ధిలోనికి రావలెను. వచ్చినవారు చల్లగ నిలువవలెను.